పటం కట్టించే ముందు మీ ఫోటోను ఒకసారి పరాయివాళ్ళలా చూడండి

కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో మాకొక చిన్న స్టూడియో ఉంది. మా ఆయన పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ కెమెరా పట్టుకుని పోతాడు. కౌంటరూ కంప్యూటరూ ప్రింటరూ నావి. రోజంతా జనం ఫోన్లు నా ముందుకు జరిపి "అక్కా, ఇది పెద్దది చేసియ్యి" అంటుంటారు. పెద్దది అంటే 12×18 అంగుళాలు, దానికో ఫ్రేము. వేసివ్వడానికి నాకు ఎంతోసేపు పట్టదు. కానీ ఇంటికి తీసుకుపోయి హాల్లో తగిలించాక "ఫోన్లో ఉన్నట్టు లేదక్కా" అని మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్ళను చూసీ చూసీ, ప్రింటుకు పంపే ముందే నాలుగు మాటలు చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నా.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఫోటో తీసిన రోజు మీరు అక్కడే ఉన్నారు. కాగితం మీద లేనిదాన్ని కూడా మీ కన్ను నింపేసుకుంటుంది. రేపు మీ ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని ఆ పటం వైపు చూసే చుట్టానికి ఆ సౌకర్యం లేదు. ఆయనకు ఉన్నదే కనపడుతుంది.

వేలు పెట్టి చూపించగలరా?

నేను అందరికీ మొదట చెప్పేది ఇదే. ఈ ఫోటో మీకెందుకు నచ్చిందో గట్టిగా పైకి చెప్పండి. మనసులో అనుకుంటే కుదరదు, నోటితో చెప్పాలి. చెప్పిన ప్రతిదానికీ ఫోటోలో అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి.

ఒకబ్బాయి వాళ్ళమ్మ ఫోటో తెచ్చాడు. గండికోటలో, పెన్నా లోయ అంచున బండల మీద నిలబడి ఉందామె. పొద్దు ఆమె వెనక ఉంది. "ఎందుకు నచ్చింది నాయనా?" అన్నాను. "మా అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే అంత దూరం నడిచిందక్కా. ఆ రోజు ఎంత సంతోషంగా ఉందో! గాలి చూడు ఎట్లా కొడుతుందో" అన్నాడు.

సరే, ఒక్కోటీ చూద్దామన్నాను. మోకాళ్ళ నొప్పి ఎక్కడుంది? వేలు పెట్టడానికి చోటు లేదు. సంతోషం ఎక్కడుంది? ముఖం మీద ఉండాలి, కానీ పొద్దు వెనకుండడంతో ముఖమంతా నల్లగా పడింది. వాళ్ళమ్మ నవ్వుతోందో కళ్ళు చికిలిస్తోందో నాకు తెలియలేదు. అతనికి మాత్రం నవ్వు కనపడుతూనే ఉంది, ఎందుకంటే ఆ నవ్వును అతను ఎదురుగా చూశాడు. ఇక గాలి. అది మాత్రం ఉంది. పైట కొంగు పక్కకు ఎగిరింది, ఆమె ఒక చేత్తో దాన్ని పట్టుకోబోతోంది. వేళ్ళు విడివిడిగా, కొంగుకు ఇంకా అందలేదు. ఫోటో మొత్తంలో ప్రాణం ఉన్న చోటు అదే.

ఆ అబ్బాయి దాన్ని అంతవరకూ చూడనేలేదు. ముఖం వెలుతురు చేసియ్యమని అడగడానికి వచ్చాడు. నేను ముఖాన్ని అలాగే నల్లగా ఉంచి, కింద ఉన్న ఖాళీ బండను కత్తిరించి, ఆ చెయ్యీ కొంగూ లోయ మీదికి వచ్చేలా చేసిచ్చాను. బాగుంది. ముఖం కోసమే అయితే మాత్రం ఆ ఫోటో పనికిరాదు, వేరేది వెతుక్కోవాలి.

వేలు పెట్టేందుకు ఒక్క చోటు కూడా దొరకని ఫోటోలు చాలా ఉంటాయి. "అదే మేము కొత్తిల్లు చేరిన రోజు", "అప్పుడే రిజల్ట్స్ వచ్చాయి", "నాయన ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు". ఇవన్నీ ఫోటో వెనక రాసుకోవాల్సిన మాటలు. తేదీ వేసి, పేర్లు రాసి ఆల్బమ్‌లో పెట్టుకోండి. పారేయమని ఎవరూ చెప్పరు. గోడకు ఎక్కించాలన్నా, ఫోటో పోటీకి పంపాలన్నా మాత్రం కథ చెప్పే మనిషి పక్కన లేకుండా అది నిలబడాలి. పోటీలకు పంపేవాళ్ళు కింద ఇంత పొడుగు వివరం రాసి తెస్తారు. ఆ వివరం తీసేసి నాకు చూపించమంటాను.

ఎవరినడగాలి, ఏమని అడగాలి

ఇంట్లోవాళ్ళను అడక్కండి. వాళ్ళూ ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళే. స్నేహితులను అడిగినా లాభం లేదు. మన వైపు, ముఖం మీదే బాగాలేదని ఎవరంటారు? "సూపర్ అన్నా" అనేసి ఊరుకుంటారు. పైగా పిల్లల ఫోటో అయితే, ఫోటో బాగాలేదంటే పిల్లోడు బాగాలేడన్నట్టే తల్లికి వినపడుతుంది. నేనే ఆ మాట అనడానికి పదిసార్లు ఆలోచిస్తాను.

మీ గురించి ఏమీ తెలియని మనిషిని పట్టుకోండి. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. మూడు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తిప్పేయండి. "ఏం చూశావు?" అనడగండి. అంతే. ముందు దేన్ని చెబితే అది ఆ ఫోటోలో ముందుకొచ్చి నిలబడినట్టు. అసలు మనిషిని వదిలేసి వెనకున్న బోర్డు పేరు చెప్పారనుకోండి, ఇక అడగాల్సింది లేదు.

మాకు తెలిసిన కుర్రాడొకడు దసరాకు దేవరగట్టు పోయొచ్చాడు. హొళగుంద మండలంలో కొండమీద మాళమల్లేశ్వరస్వామి ఉత్సవం, రాత్రిపూట కర్రల సమరం. అటూఇటూ ఊళ్ళవాళ్ళు ఇనుప రింగులు తొడిగిన కర్రలతో, దివిటీలతో ఉత్సవమూర్తుల కోసం తలపడతారు. ఈ కుర్రాడు గుంపు మధ్యలోకి పోయి, కర్ర తగలకుండా తప్పించుకుంటూ తీశాడట. ఆ ఫోటో చూపిస్తుంటే ఇప్పటికీ వాడి గొంతు మారిపోతుంది. పెద్ద సైజు వేయమన్నాడు. అప్పుడే టీ తెచ్చిన పిల్లోడికి చూపించాను. "ఏందక్కా, దీపావళా?" అన్నాడు. నిజమే, నల్లటి తెర మీద నారింజ రంగు గీతలు తప్ప అందులో ఏమీ లేవు. భయమంతా తీసినవాడి గుండెలో ఉండిపోయింది.

వాడి ఫోన్ తీసుకుని మిగతావి తిప్పాను. వాడు లెక్కలోకి తీసుకోని ఫోటో ఒకటి దొరికింది. గలాటా అంతా అయ్యాక ట్యూబులైటు కింద ఒకాయన గట్టు మీద కూర్చుని నుదుటి మీద గాయానికి పసుపు అద్దుకుంటున్నాడు. కర్ర ఒళ్ళోనే ఉంది. టీ పిల్లోడు దాన్ని చూసి, కప్పులు తీసుకుపోవడం మానేసి "ఈయనకేమైందక్కా?" అన్నాడు. ఆ ఫోటో తీసినప్పుడు మా కుర్రాడికి భయం లేదు, కంగారు లేదు, ఊరికే నొక్కాడు. అందుకే వాడికి అది గుర్తే లేదు. మనకు ఏమీ గుర్తుకు తేని ఫోటోల్లో మంచివి దాక్కుని ఉంటాయి. ఇష్టమైనవి పరీక్షించడం ఎంత ముఖ్యమో, పట్టించుకోనివి ఇంకోసారి తిరగేయడమూ అంతే ముఖ్యం.

తలకిందులు చేసి చూడండి

తెలిసిన ముఖం కనపడగానే కన్ను అక్కడికే పోతుంది. ఫోటోలో ఇంకేముందో చూడనివ్వదు. దీనికి నేను వాడే ఉపాయం, ఫోటోను తలకిందులు చేయడం. ఫోన్లో ఆటో రొటేట్ ఆపేసి, ఫోన్ తిప్పి పట్టుకుంటే చాలు. అప్పుడు అమ్మ అమ్మలా కనపడదు, ఒక ఆకారంలా కనపడుతుంది. వెలుతురు ఎక్కడ ఎక్కువుంది, బరువంతా ఎటు ఒరిగింది, ఏ మూల ఖాళీ అన్నవి అప్పుడు తెలుస్తాయి.

పది ఫోటోల్లో చూస్తే ఎక్కువ వాటిలో దొరికే దొంగ, తెల్ల ప్లాస్టిక్ కుర్చీ. బారసాల కానీ, పుట్టువెంట్రుకలు కానీ, సీమంతం కానీ, ఫ్రేములో అన్నిటికన్నా తెల్లగా మెరిసేది అదే. ముత్తైదువ ముఖం కన్నా ముందు కుర్చీ చెయ్యి కనపడుతుంది. దాని తర్వాత వాటర్ బాటిల్, ఎవరిదో సగం మోచెయ్యి, తల వెనక నుంచి మొలిచినట్టున్న కరెంటు స్తంభం. తీసేటప్పుడు ఇవి కనపడవు, మీరు మనిషిని చూస్తుంటారు కాబట్టి.

వీటిని తీసేస్తే ఏం మిగులుతుందో చూడ్డానికి పాత పెళ్ళికార్డు ఒకటి తీసుకోండి, అట్ట దళసరిగా ఉంటుంది. మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలు కత్తిరించండి. ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి జరుపుతూ పోతే ఏ సైజు చట్రం కావాలంటే అది వస్తుంది. ఫోన్లో క్రాప్ చేయొచ్చు కదా అంటారు, చేయొచ్చు. కానీ కాగితం మీద చేతులతో జరిపితే తొందరపడరు. దుకాణంలో నా దగ్గర ఆ ముక్కలు అరిగిపోయి ఉన్నాయి. లోపలికి జరిపేకొద్దీ ఫోటో బలపడుతుంటే అందులో సత్తా ఉందన్నట్టు. ఎంత జరిపినా ఒకేలా ఉంటే అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇంకోటి. మీరే ఉన్న ఫోటో గురించి మీ తీర్పును అస్సలు నమ్మొద్దు. "ఛీ, నా ముఖం వంకరగా ఉంది, డిలీట్ చేసెయ్" అని ఆడవాళ్ళు ఎన్ని మంచి ఫోటోలు పోగొట్టుకుంటారో. మనకు అలవాటైన మన ముఖం అద్దంలోది, అంటే కుడి ఎడమలు తారుమారైంది. ఫోటోలో అసలు ముఖం కనపడేసరికి ఏదో తేడాగా అనిపిస్తుంది. పక్కవాళ్ళు రోజూ చూసేది ఆ ముఖమే కాబట్టి వాళ్ళకు ఏ తేడా తెలియదు. అనుమానముంటే ఎడిట్‌లో ఫ్లిప్ చేసి చూసుకోండి, అప్పుడు నచ్చితే దోషం ఫోటోలో లేదు.

మసకలో రకాలు

ఫోన్ తెర మీద అన్నీ షార్ప్‌గానే కనపడతాయి. రెండు వేళ్ళతో పెద్దది చేసి కళ్ళ దగ్గర చూడండి. కంటిరెప్పలు విడివిడిగా కనపడితే మంచిది. కనపడకపోతే ఎందుకో కనుక్కోండి, ఎందుకంటే అన్ని మసకలూ ఒకటి కాదు. మొత్తం ఫోటో ఒకే దిక్కుకు రుద్దినట్టుంటే మీ చెయ్యి కదిలింది, దానికి మందు లేదు. వెనక గోడ స్పష్టంగా ఉండి ముఖం మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది, అదీ అంతే. వెనకదంతా నిలకడగా ఉండి ఊయల ఊగుతున్న పిల్ల మాత్రమే చెదిరితే అది ఊయల ఊపు, దాన్ని నేను తప్పుగా పట్టను. ఒక్కోసారి అదే అందం. పరుగెత్తే పిల్లల్ని చెదరకుండా పట్టాలంటే కెమెరా షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) సెకనులో 250వ వంతులో, వీలైతే అంతకన్నా వేగంగా తెరిచి మూయాలి. ఇంట్లో బల్బు వెలుతురులో ఫోన్ దానంతటదే ఆ వేగం పెట్టుకోదు.

బ్యూటీ మోడ్‌తో తీసిన ముసలివాళ్ళ ఫోటోలు తేవొద్దని దండం పెట్టి చెబుతాను. జేజి ముఖం మీద ముడతలన్నీ తుడిచేస్తుంది. తర్వాత వాటిని నేను తిరిగి తేలేను. పోర్ట్రెయిట్ మోడ్‌లో చెవి అంచు, జడలోని పూలు, గాజులు చూసుకోండి. ఆ మోడ్ మనిషి వెనకున్నదాన్ని మసక చేస్తుంది కాబట్టి, మనిషెక్కడ అయిపోతాడో ఫోన్ లెక్క తప్పితే పూలు సగం కరిగిపోయి ఉంటాయి.

మన ఎండ సంగతి

మిట్టమధ్యాహ్నం కర్నూలు ఎండలో తీస్తే కళ్ళ గుంటలు నల్లగా, ముక్కు కింద మీసంలా నీడ. ఆరుబయట గుడి దగ్గర తీసిన ఫోటోల్లో నేను మొదట చూసేది మగవాళ్ళ తెల్లపంచె. దాంట్లో మడతలు కనపడుతున్నాయా? కనపడితే ఫోటో బతికినట్టే. ఒట్టి తెల్ల కాగితంలా ఉంటే అక్కడ వివరమే నమోదు కాలేదు, వెలుతురు ఎంత తగ్గించినా బూడిద రంగు వస్తుంది తప్ప మడత రాదు. నీడలో పడినదాన్ని కొంతవరకు పైకి లాగొచ్చు, మరీ లాగితే ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి. రంగులు చూసి మోసపోతున్నామా అనిపిస్తే నలుపు తెలుపు చేసి చూడండి. పట్టుచీర ఎరుపు, బంతిపూల పసుపు తీసేశాక కూడా ముఖం ముందుకొస్తే వెలుతురు సరిగ్గా పడినట్టు.

ఒక్కటే మిగిలినప్పుడు

పైన చెప్పినవేవీ పనిచేయని చోటు ఒకటుంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు మీదికి వచ్చినప్పుడు ఇళ్ళలో ఆల్బమ్‌లు కూడా మునిగాయి. ఇన్నేళ్ళయినా, ఆ బురద మరకలున్న ఫోటోలు ఇంకా మా కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉంటాయి. మనిషి పోయాడు, ఉన్నది ఒక్క ఫోటో, అదీ సగం చెరిగింది. అది బాగుందా లేదా అన్న ప్రశ్నే అడగొద్దు. ఎంత సైజు వరకు ఆగుతుంది అన్నదొక్కటే చూడాలి.

గాజుకు అతుక్కుపోయిన ఫోటోను లాగొద్దు. తడిసినప్పుడు బొమ్మ ఉన్న పొర జిగురులా మెత్తబడి గాజును పట్టుకుంటుంది. లాగితే ముఖం గాజుకే ఉండిపోతుంది. గాజుతో సహా తెండి, అలాగే స్కాన్ చేస్తాం.

పెళ్ళి గ్రూప్ ఫోటోలోంచి ఒక ముఖం తీసి దండ వేసే పటానికి పెద్దది చేయమని అడుగుతారు. ఆ ముఖం కాగితం మీద 5 మిల్లీమీటర్లుంటే, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసినా అడ్డంగా 120 చుక్కల లోపే. దాన్ని అరచేయంత చేస్తేనే చెదిరిపోతుంది, గోడంత ఎక్కడ చేసేది? ఇప్పుడు ఏఐ ఆప్‌లలో పెట్టి కళ్ళు కళ్ళుగా, పళ్ళు పళ్ళుగా తళతళలాడేట్టు చేయించుకుని వస్తున్నారు. బాగానే ఉంటుంది, కానీ అది మీ తాత కాదు. లేని వివరాన్ని అది ఊహించి వేస్తుంది. ఒకావిడ అట్లాంటిది తెస్తే వాళ్ళత్త పరీక్షగా చూసి "ఎవురే ఈయన?" అంది. చిన్నగా ఉంచండి. పాస్‌పోర్ట్ సైజుకు కాస్త పెద్దగా వేసి, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంటు (అట్ట అంచు) పెట్టి ఫ్రేము కట్టిస్తే, మసకగా ఉన్నా మనిషి మనిషిలా ఉంటాడు. పక్కనున్నవాళ్ళ చెయ్యి ఆయన భుజం మీదుంటే దాన్నీ ఉండనివ్వమంటాను, చెరిపిన చోట చొక్కా ఎప్పుడూ అతికినట్టే కనపడుతుంది.

కొన్నాళ్ళు ఆగితే

మా ఆయన తరచూ ఒక సంగతి చెబుతుంటాడు. అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అనే ఫోటోగ్రాఫర్ వీధుల్లో తీసిన ఫిల్మ్‌ను వెంటనే కడిగేవాడు కాదట. తీసినప్పటి హుషారు మరిచిపోయాక చూస్తేనే ఎంపిక సరిగ్గా కుదురుతుందని ఏడాది, అంతకన్నా ఎక్కువ కూడా పక్కన పెట్టేవాడు. 1984లో ఆయన పోయేనాటికి తీసి కడగని రోల్స్ దాదాపు 2,500 మిగిలిపోయాయి. అంత ఆగమని నేననను. కానీ పెళ్ళి అయిన మర్నాడే, తిరునాళ్ళ నుంచి దిగీదిగగానే వచ్చి పెద్ద సైజు వేయించకండి. ఒక నెల పోనివ్వండి.

ఆ నెల రోజులకూ ఒక పని చెబుతాను. రెండు మూడు ఫోటోలు ఎంచుకుని 4×6 ప్రింట్లు వేయించుకోండి, పెద్ద ఖర్చేం కాదు. బీరువా తలుపుకో ఫ్రిజ్ మీదో పక్కపక్కన అంటించండి. వంటింట్లోకి పోతూ వస్తూ ఉంటే కొన్ని రోజులకే ఒకటి గోడలో కలిసిపోతుంది, అక్కడ ఉన్నట్టే అనిపించదు. ఇంకోదాని దగ్గర మాత్రం కాలు ఆగుతుంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు దేని దగ్గర ఆగుతున్నారో కూడా గమనించండి, అడక్కుండానే.

ఏది వేయించాలో తేలాక, దాన్ని నాకు వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు. పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకు కుదించేస్తుంది. 4×6కు అది సరిపోతుంది. 12×18కు నాణ్యంగా రావాలంటే 3600×5400 ఉండాలి, 1600తో వేస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. అదే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. తీసింది మీ బావమరిది ఫోన్లో అయితే, మీకు ఫార్వర్డ్ అయింది కాకుండా ఆయన గ్యాలరీలో ఉన్న అసలుది తెప్పించండి. ఆయన డిలీట్ చేసి ఉంటే ఆ ఫోటో 4×6 దగ్గరే ఆగిపోతుంది. దానికి తగిన చిన్న ఫ్రేములు కూడా మా దగ్గర ఉన్నాయి.